ఆయిల్ కడ్డీ మీద మిల్లీమీటర్లు: పాత పెట్రోలు కారు ప్రాజెక్టు డైరీ

జనవరి మొదటి వారం, మీటరు 95,200

మా 2013 మోడల్ పెట్రోలు కారు సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఎంత ఇంజన్ ఆయిల్ తింటోందో, ఆ ఆయిల్ ఎటు పోతోందో కొలిచి తెలుసుకోవాలని ఈ డైరీ మొదలుపెట్టాను. తెలిశాక, కావలసినంత ఆయిల్ మాత్రమే, కావలసినప్పుడు మాత్రమే పోయాలి. బండి ఉండేది విజయవాడ పటమటలోని మా అపార్టుమెంటులో. ఎక్కువగా తిరిగేది గుంటూరుకు, ఉద్యోగం పని మీద. ఇంజన్ 1.2 లీటర్లది, నాలుగు సిలిండర్లది. ఫిల్టరుతో కలిపి ఆయిల్ సుమారు మూడు లీటర్లు పడుతుంది. పది వేల కిలోమీటర్లకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందు వస్తే అప్పుడు ఆయిల్ మార్చాలని మాన్యువల్‌లో ఉంది. కిందటిసారి మార్చింది 92,000 దగ్గర కాబట్టి మళ్ళీ మార్చవలసింది 1,02,000 దగ్గర.

ఆ మూడు లీటర్లే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగులకూ, పైన వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టుకూ, సిలిండరు గోడలకూ తిరిగి తిరిగి వెళుతూ, రాపిడి తగ్గిస్తూ, వేడిని చాంబర్లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దించుతూ, మసిని తనలో పట్టి ఉంచుతూ పనిచేస్తాయి. అందులో ఒక లీటరు తగ్గితే మిగిలిన రెండు లీటర్లే అంత వేడినీ అంత మసినీ మోయాలి. పైగా మలుపులో గానీ గట్టి బ్రేకు వేసినప్పుడు గానీ ఆయిల్ ఒక పక్కకు ఒరిగితే పంపు గొట్టం గాలి పీల్చే ప్రమాదం ఉంటుంది. అయినా చాలామంది డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగితే చూసుకోవచ్చులే అన్న ధీమాతో ఉంటారు. ఆ దీపం చెప్పేది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. చాంబర్లో ఆయిల్ ఎంత ఉందో చెప్పడం దాని పని కాదు. అది వెలిగేసరికి బేరింగుల మధ్య ఉండవలసిన ఆయిల్ పొర పలచబడిపోయి ఉండవచ్చు. అందుకే నడుస్తూ ఉండగా ఆ దీపం వెలిగితే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. మెకానిక్ షెడ్డు దాకా నెమ్మదిగా పోనిద్దాం అనుకోవడానికి కూడా వీల్లేదు.

దీపం కన్నా ఎంతో ముందుగా సంగతి చెప్పేది బానెట్ కింద పసుపు పిడితో ఉండే ఆయిల్ కడ్డీ. దాని చివర రెండు చిల్లులు ఉన్నాయి. పైది గరిష్ఠం, కిందిది కనిష్ఠం. ఉక్కు స్కేలు పెట్టి చూస్తే వాటి మధ్య 18 మి.మీ. ఉంది. ఇకపై మట్టాన్ని "సగం", "కొంచెం తక్కువ" అని రాయకుండా, పై గుర్తు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు కిందకు ఉందో రాస్తాను.

జనవరి రెండో వారం: కొలిచే చోటు, కొలిచే వేళ

కొలత మొదలుపెట్టక ముందు నేల సంగతి తేల్చుకోవలసి వచ్చింది. అపార్టుమెంటు సెల్లారులో ఎవరి పార్కింగు చోటు చూసినా సమంగా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, వాన నీరూ కడిగిన నీరూ కాలువలోకి జారడానికి మేస్త్రీలు నేలకు వాలు ఇచ్చే కడతారు. తాపీ పనివాళ్ళ దగ్గర రసమట్టం అడిగి తీసుకుని, తిన్నని చెక్క పట్టీ మీద పెట్టి మా చోటును పొడవునా అడ్డంగా చూస్తే, బండి ముక్కు వైపు నేల స్పష్టంగా దిగి ఉంది. కడ్డీ ఇంజన్‌కు ఒక పక్కన దిగుతుంది కాబట్టి బండి వాలితే చాంబర్లోని ఆయిల్ కడ్డీ వైపుకో, దాని ఎదుటి వైపుకో చేరి, ఉన్నదానికన్నా ఎక్కువగానో తక్కువగానో చూపిస్తుంది. లిఫ్టు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో రసమట్టం బుడగ రెండు దిశల్లోనూ నడిమి గీతల మధ్యే నిలిచింది. నాలుగు చక్రాలు ఎక్కడ ఆగాలో అక్కడ నేల మీద సుద్దతో గీతలు గీశాను, తరువాత వాచ్‌మన్ అనుమతితో వాటినే పెయింటుతో దిద్దాను.

ఇక వేళ. ఇంజన్ వేడెక్కాక ఆపి, ఆయిల్ చాంబర్లోకి దిగడానికి అయిదు నిమిషాలు ఆగి చూడమని మా మాన్యువల్ చెబుతుంది. కొన్ని కంపెనీలు చల్లగా ఉన్నప్పుడు చూడమంటాయి. ఏ బండికి దాని మాన్యువల్ మాటే ప్రమాణం. కానీ నాకు కావలసింది నెలల తరబడి పోల్చి చూడగలిగిన కొలత. ఆయిల్ ప్రతి డిగ్రీకి తన పరిమాణంలో సుమారు 0.07 శాతం వ్యాకోచిస్తుంది. మూడు లీటర్ల ఆయిల్ 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 125 మిల్లీలీటర్లు ఉబ్బుతుంది. మరోవైపు, ఇంజన్ అప్పుడే ఆపితే కొంత ఆయిల్ ఇంకా పైన హెడ్డులోనే అంటుకుని ఉంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు కాబట్టి, అయిదు నిమిషాలకు చూసిన మట్టమూ పదిహేను నిమిషాలకు చూసిన మట్టమూ ఒకటి కావు. అందువల్ల ప్రతిసారీ తెల్లవారి, రాత్రంతా నిలిచిన బండిని స్టార్టు చేయకముందే, సుద్ద గీతల మీదే కొలవాలని నిర్ణయించుకున్నాను. బండి చల్లబడిన చోటే కొలవాలి కాబట్టి, కొలవదలచిన ముందురోజు రాత్రి దాన్ని అక్కడే ఆపడానికి అపార్టుమెంటు సంఘం వారిని అడిగి పెట్టుకున్నాను.

మాన్యువల్ చెప్పిన పద్ధతిని వదలలేదు. అదే వారంలో ఇంజన్ వేడెక్కేలా ఊళ్ళో తిరిగి వచ్చి, గీతల మీద ఆపి, అయిదు నిమిషాల తరువాత చూస్తే పై గుర్తుకు 8 మి.మీ. కింద ఉంది, మర్నాడు తెల్లవారి అదే చోట చూస్తే 9 మి.మీ. కింద ఉంది. తేడా మిల్లీమీటరే కాబట్టి ఉదయపు కొలతనే ఖాతాలో రాసుకోవచ్చని ధైర్యం వచ్చింది.

కడ్డీ చదివే తీరు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కొలతలో తేడాలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. మొదటిసారి బయటకు లాగినప్పుడు కనిపించే తడిని లెక్కలోకి తీసుకోకూడదు. గొట్టం గోడలకు అంటిన ఆయిల్ కడ్డీ నిండా పూసుకుని వస్తుంది. పోగులు రాలని గుడ్డతో పూర్తిగా తుడవాలి. నేను వాడేది ఉతికి ఉతికి మెత్తబడిన మంగళగిరి నేత తువ్వాలు ముక్క. టెర్రీ తువ్వాలు వాడితే నూగు కడ్డీకి అంటుకుని చాంబర్లోకి పోతుంది. తుడిచాక పిడి గొట్టం అంచుకు ఆనేదాకా దించి, ఒక్క క్షణం ఆగి, తిన్నగా పైకి తీయాలి. తీసిన వెంటనే కొనను కిందకే ఉంచాలి. పైకి ఎత్తితే ఆయిల్ పిడి వైపు పాకి మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. రెండు వైపులా చూసి, తక్కువగా ఉన్న వైపునే నమ్మాలి. పట్టీ గొట్టంలో వంగుతూ దిగేటప్పుడు ఒక ముఖం గోడకు రాసుకుంటుంది, అందుకే ఆ ముఖం మీద తడి ఎత్తుగా కనిపిస్తుంది. కొత్త ఆయిల్ తేనె రంగులో పలచగా ఉంటే గీత కంటికి ఆనదు. అప్పుడు కడ్డీ వెనకాల తెల్ల కాగితం పెట్టి, టార్చి వెలుగు పక్కనుంచి పడేలా చూస్తే, తడి ముగిసి పొడి లోహం మొదలయ్యే చోటు తళుక్కున విడిపోతుంది.

జనవరి మూడో వారం: ఏ ఆయిల్

పై గుర్తుకు 9 మి.మీ. కింద ఉందంటే సరిగ్గా నడిమికి వచ్చిందన్నమాట. ఇప్పుడే పోసి తీరాలన్న తొందర లేదు, కానీ ఒక మిల్లీమీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో తెలియాలంటే కొంత పోయాలి. అందుకు ఆటోనగర్‌కు వెళ్ళి ఆయిల్ కొన్నాను.

దుకాణదారు నా బండి పేరు విని 20డబ్ల్యూ-50 డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. "మన ఎండలకు చిక్కటిదే ఆగుతుందండీ, ఆ పలచటిది చలి దేశాల వాళ్ళకి," అన్నారు. బెజవాడ ఎండ ఎరిగిన ఎవరికైనా ఈ మాట సబబుగానే తోస్తుంది కాబట్టి, ఎందుకు ఒప్పుకోలేదో రాసిపెట్టాలి. 30, 40, 50 అనే రెండో అంకె ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) ప్రమాణం ప్రకారం 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు ఉండాలి, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు. బయట 25 డిగ్రీలున్నా 45 డిగ్రీలున్నా, థర్మోస్టాటూ రేడియేటరూ సరిగా ఉన్న ఇంజన్ లోపలి వేడిని దాదాపు ఒకే స్థాయిలో నిలుపుతాయి. ఆయిల్ పనిచేసేది ఆ వేడిలోనే. కంపెనీ బేరింగుల ఖాళీలనూ ఆయిల్ దారులనూ 30 గ్రేడుకు లెక్కగట్టి పెట్టినప్పుడు, 50 పోస్తే పంపుకూ ఇంజన్‌కూ అనవసరపు బరువు పడుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ప్రవహించే తీరుది. 5డబ్ల్యూను సున్నాకు 30 డిగ్రీల కింద పరీక్షిస్తారు, 20డబ్ల్యూను 15 డిగ్రీల కింద. మనకు అంత చలి ఎన్నడూ రాదు, నిజమే. అయినా రాత్రంతా నిలిచిన బండిని ఉదయం స్టార్టు చేసిన తొలి క్షణాల్లో పలచటి ఆయిల్ పైన కామ్‌షాఫ్టు దాకా త్వరగా చేరుతుంది, ఆ క్షణాల్లోనే ఇంజన్ అరుగుదల ఎక్కువ. ఈ లాభం ఏ ఊళ్ళో ఉన్నవారికైనా వర్తిస్తుంది.

మాన్యువల్ అడిగింది 5డబ్ల్యూ-30. పెట్రోలు ఇంజన్లకు ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఇచ్చే స్థాయి గుర్తుల్లో ఎస్ అక్షరంతో మొదలయ్యేవి చూడాలి. ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో వచ్చింది. పాత స్థాయి అడిగిన పెట్రోలు ఇంజన్‌లో గ్రేడు కలిస్తే కొత్త స్థాయి ఆయిల్ వాడవచ్చు. లోపల ఉన్నది ఒక కంపెనీది, పోసేది ఇంకొక కంపెనీది అయితే విరిగిపోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది గానీ, ఏపీఐ గుర్తు పొందిన ఇంజన్ ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలవగలగడం కూడా పరీక్షలో భాగమే. అయినా దొరికినంతవరకు లోపల ఉన్నదే పోస్తే, తరువాత ఏదైనా తేడా కనిపించినప్పుడు అనుమానించవలసిన కారణాల్లో ఒకటి తగ్గుతుంది. మూత సీలు చెక్కుచెదరకుండా ఉన్న, బ్యాచి నంబరూ తయారీ తేదీ స్పష్టంగా ఉన్న లీటరు డబ్బాను బిల్లుతో తెచ్చుకున్నాను. విడిగా కొలిచి పోసే ఆయిల్ ఎంత చౌకైనా కొనకూడదు. అందులో ఏముందో తెలుసుకునే దారి మనకు లేదు.

జనవరి ఆఖరు, మీటరు 95,250: మొదటి పోత

ఆయిల్ పోసే మూత టాపెట్ కవర్ (ఇంజన్ పైభాగాన్ని కప్పే తొడుగు) మీద ఉంది. మూత తిప్పక ముందు చుట్టూ ఉన్న దుమ్మును తడిగుడ్డతో తుడవాలి, తరువాత పొడిగుడ్డతో తుడవాలి. హైవే మీద గుంటూరు తిరిగే బండికి ఆ గాడిలో సన్నటి ఇసుక పేరుకుని ఉంటుంది, మూత తీసిన క్షణంలో అది నేరుగా కామ్‌షాఫ్టు మీద పడుతుంది. మూత అడుగున లేత గోధుమ రంగు జిగురు సన్నగా పట్టి ఉంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కని చిన్న చిన్న దూరాలు తిరిగినప్పుడు లోపలి చెమ్మ ఆవిరైపోలేక ఆయిల్‌తో కలిసి అక్కడ పేరుకుంటుంది. మూతకే పరిమితమై ఉండి, కడ్డీ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే దానికి కంగారు పడనవసరం లేదు.

అదే జిగురు రంగు కడ్డీ మీద కనిపిస్తే మాత్రం సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు, నీళ్ళు తీశాక బంధువుల బండి చూడడానికి వెళితే కడ్డీ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో, మామూలు మట్టం కన్నా చాలా పైకి వచ్చి ఉంది. స్టార్టు అవుతుందేమో చూద్దామని తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డ మా బావను ఆపి, బ్యాటరీ తీగ విప్పించి, బండిని లాగించి తీసుకెళ్ళాం. నీరు చేరిన ఇంజన్‌ను తిప్పితే కాపాడగలిగింది కూడా పాడవుతుంది. మునిగిన బండి దగ్గర మొదట ముట్టుకోవలసింది తాళం చెవిని కాక కడ్డీనేనని ఆ రోజు చూసి తెలుసుకున్నాను.

సరే, పోత. వంటింటి త్రాసు మీద ప్లాస్టిక్ కప్పు పెట్టి 212 గ్రాముల ఆయిల్ తూచాను. ఈ రకం ఆయిల్ సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 0.85 గ్రాములు కాబట్టి అది 250 మిల్లీలీటర్లు. కప్పు మీది గీతలు కూడా అంతే చూపించాయి. గరాటు లోపల వేలితో తుడిచి చూసి, రంధ్రంలో నిలబెట్టి, సన్నటి ధారగా పోశాను. ఆయిల్ కామ్‌షాఫ్టు మీదుగా, హెడ్డులోని దారుల గుండా కిందకు జారాలి. గబగబా పోస్తే గరాటులో నిలిచి పక్కకు పొర్లుతుంది, ఆ పొర్లిన ఆయిల్ ఎగ్జాస్టు వైపు పడితే కాలి పొగలేస్తుంది, తరువాత లీకు ఉందేమోనని అనుమానించేలా మరకలు మిగులుతాయి. కప్పు ఖాళీ అయ్యాక గోడలకు అంటిన పొర కూడా దిగేదాకా బోర్లించి ఉంచాను. మూత బిగించి, ఇంజన్ స్టార్టు చేసి కాసేపు నడిపి ఆపేశాను. ఎంత పెరిగిందో అప్పుడే చూడాలనిపించినా ఆగి, మర్నాడు ఉదయం గీతల మీద చూస్తే పై గుర్తుకు 4 మి.మీ. కింద ఉంది.

250 మిల్లీలీటర్లకు 5 మి.మీ. పెరిగిందంటే మిల్లీమీటరుకు 50 మిల్లీలీటర్లు. రెండు గుర్తుల మధ్య సుమారు 900. చాంబరు గోడలు వాలుగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క పైనా కిందా కొంచెం మారవచ్చు, కానీ నా పనికి ఇది చాలు. ఈ ఒక్క లెక్క చేతికొచ్చాక కడ్డీ మీది ప్రతి గీతా మిల్లీలీటర్లుగా కనిపించడం మొదలైంది. 92,000 నుంచి 95,200 దాకా 450 మిల్లీలీటర్లు పోయిందని అనుకోవచ్చు గానీ, సర్వీసు రోజున మట్టం కొలిచింది నేను కాదు, కొలిచిన నేల ఏ వాలులో ఉందో తెలియదు. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టి, 95,250 దగ్గర 4 మి.మీ. అన్న దాన్నే మొదలుగా తీసుకున్నాను.

మార్చి, మీటరు 96,300

పై గుర్తుకు 7 మి.మీ. కింద. అంటే 1,050 కిలోమీటర్లలో 150 మిల్లీలీటర్లు. కొన్ని ఐరోపా కంపెనీల మాన్యువళ్లు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా సహజమేనని రాస్తాయి, ఆ లెక్కన ఇది లెక్కలోకే రాదు. కానీ ఇంత చిన్న ఇంజన్‌లో, పది వేల కిలోమీటర్ల గడువులో ఇదే జోరు కొనసాగితే దాదాపు లీటరున్నర పోతుంది. కడ్డీ చూడని యజమాని చేతిలో ఈ బండి తరువాతి సర్వీసు రాకముందే కనిష్ఠం దాటి కిందకు పోతుంది.

ఆయిల్ పోవడానికి రెండే దారులు: బయటకు కారడం, లోపల కాలడం. తెలిసినవారు చాలామంది మొదటే "రింగులు పోయి ఉంటాయి, బోరుకు వచ్చింది" అని, అంటే పిస్టన్ రింగులూ సిలిండరు గోడలూ అరిగిపోయాయని తేల్చేశారు. ఖర్చు ఎక్కువయ్యే కారణాన్ని చివర అనుమానించాలి, ఖర్చు లేకుండా చూడగలిగిన దాన్ని మొదట చూడాలి అన్నది నా పద్ధతి.

పొగ నుంచి మొదలుపెట్టాం. మా తమ్ముడు వెనక బండిలో వస్తూ, కాజ టోల్ ప్లాజా దాటాక నేను యాక్సిలరేటరు వదిలి మళ్ళీ గట్టిగా తొక్కినప్పుడు సైలెన్సరు వైపు చూశాడు. అలా వదిలి తొక్కినప్పుడు నీలం పొగ గుప్పుమంటే వాల్వు సీళ్లనూ, బరువు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులనూ అనుమానించాలి. మంగళగిరి దగ్గర టీ కోసం ఆగినప్పుడు, "ఏమీ లేదన్నయ్యా, ఒక్కసారి కూడా నీలంగా రాలేదు," అన్నాడు. స్పార్కు ప్లగ్గులు విప్పితే కొనలు పొడిగా, లేత గోధుమ రంగులో ఉన్నాయి. కాలిన ఆయిల్ నల్లటి తడిగా ఎక్కడా లేదు. కానీ రెండు ప్లగ్గుల గుంటల్లో, మర పైభాగం చుట్టూ ఆయిల్ చెమ్మ ఉంది. ఆ చెమ్మ సిలిండరులోంచి రాదు. పైనున్న టాపెట్ కవర్ అంచున ఆయిల్‌ను ఆపే రబ్బరు ప్యాకింగు దాటి దిగాలి.

టాపెట్ కవర్ అంచంతా బ్రష్షుతోనూ డీగ్రీజరుతోనూ కడిగి, ఆరబెట్టి, కొన్నాళ్ళు మామూలుగా తిప్పి మళ్ళీ చూశాను. వెనక అంచున, ఎగ్జాస్టు మానిఫోల్డు పైన, వేలెడు పొడవున తడి కొత్తగా మెరుస్తోంది. అక్కడినుంచి దిగిన ఆయిల్‌లో కొంత వేడి లోహం మీద కాలిపోతోంది. టోల్ దగ్గర ఆగినప్పుడల్లా లోపలికి వచ్చే మాడు వాసనకు కారణం అదే. మిగిలింది కింద ఉన్న ప్లాస్టిక్ తొడుగులో చేరి దుమ్ముతో ముద్దకడుతోంది, అందుకే పార్కింగులో పరిచిన వార్తాపత్రిక మీద చుక్క కూడా పడలేదు. నేల మీద మరక లేదు కాబట్టి లీకు లేదనుకోవడం ఈ తొడుగులున్న బండ్లకు పనికిరాని లెక్క.

ఏప్రిల్, మీటరు 97,000: ప్యాకింగు

ప్యాకింగు మార్చిన రోజు ఉదయం మట్టం పై గుర్తుకు 9 మి.మీ. కింద ఉంది. పని ఆటోనగర్‌లో, పెట్రోలు ఇంజన్లు మాత్రమే చూసే ఒక మేస్త్రి గారి షెడ్డులో జరిగింది. ఆయన పాత ప్యాకింగును గాడిలోంచి ఊడదీసి నా చేతిలో పెట్టి, "వంచి చూడండి," అన్నారు. రబ్బరు వంగలేదు, విరిగింది. పన్నెండేళ్ళ వేడికి రబ్బరు సాగే గుణం పోయి, గాడి ఆకారంలోనే బిగుసుకుపోయింది. లోహానికి ఆనుకుని నొక్కే శక్తి అందులో లేదు.

"పైన గమ్ము పూస్తే ఆగుతుందన్నారండీ కొందరు," అన్నాను.

"ఆగుతుందండీ, కొన్నాళ్ళు. ఆ గమ్ము పెచ్చులూడి లోపల పడిందనుకోండి, ఆయిల్ జాలీకి అడ్డం పడుద్ది. నాలుగు మూలల్లో, జాయింటు ఉన్న చోట మాత్రం కాస్త పెట్టాలి, అంతే," అన్నారు.

ఆ మాట విని ఆయన పని మీద నమ్మకం కుదిరింది. గాడిని గుడ్డతో, చెక్క పుల్లతో శుభ్రం చేసి (ఇనుప స్క్రూడ్రైవరు అల్యూమినియాన్ని గీస్తుందని ఆయన పుల్లే వాడారు), కొత్త ప్యాకింగునూ ప్లగ్గు గుంటల రింగులనూ కూర్చి, బోల్టులను నడిమి నుంచి అంచులకు, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించారు. ఇవి చిన్న బోల్టులు, బలం చూపిస్తే కవరు పగులుతుంది లేదా ప్యాకింగు నలిగి మళ్ళీ కారుతుంది. పనిలో పనిగా, ఇంజన్ లోపల చేరే ఆవిర్లు బయటపడే బ్రీదరు దారిలోని పీసీవీ వాల్వు విప్పి ఊపి చూశారు, లోపలి ముక్క టకటకలాడింది, అంటే మూసుకుపోలేదు. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి, ఎంత కొత్త ప్యాకింగునైనా తోసుకుని ఆయిల్ బయటకు వస్తుంది. మర్నాడు ఇంటి దగ్గర మళ్ళీ 250 మిల్లీలీటర్లు తూచి పోశాను, ఆ తరువాతి ఉదయం మట్టం 4 మి.మీ. దగ్గర నిలిచింది. పై గుర్తు దాకా ఎందుకు నింపలేదంటే, రెండు గుర్తుల మధ్య ఎక్కడున్నా ఇంజన్‌కు క్షేమమే. అంచు దాకా నింపాలన్న పట్టుదల వల్లే చాలా బండ్లలో గుర్తు దాటుతుంది.

మే: పై అంతస్తు మాస్టారి డీజిల్ బండి

సుద్ద గీతల మీద నా కొలతలు చూస్తూ వచ్చిన మాస్టారు ఒక ఉదయం తన బండినీ అక్కడికి తెప్పించారు. ఆయనది 2020 తరువాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్. కడ్డీ తీస్తే ఆయిల్ పై గుర్తుకు పైన వేలు మందాన ఉంది.

"సర్వీసు చేయించినప్పుడు గుర్తు దగ్గరే ఉంది బాబూ. తగ్గకపోగా పెరిగింది, ఇంజన్ బాగున్నట్టేగా?" అన్నారు.

"లేదు మాస్టారూ, పెరగడమే కంగారు పడవలసిన విషయం. ఆయిల్ తనంతట తాను పెరగదు, ఇంకేదో వచ్చి కలుస్తోంది," అని చెప్పి, కడ్డీ కొనను ఆయన ముక్కు దగ్గర పెట్టాను. డీజిల్ వాసన స్పష్టంగా ఉంది. ఆయన బండి బెంజి సర్కిల్, లబ్బీపేట, మళ్ళీ ఇల్లు, ఇంతకు మించి తిరగదు. ఈ డీజిల్ బండ్లలో పొగగొట్టంలోని ఫిల్టరు మసితో నిండినప్పుడు, ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్మి ఆ మసిని కాల్చివేస్తుంది. ఆ పని పూర్తి కావడానికి బండి కొంతసేపు ఆగకుండా నడవాలి. మధ్యలో ఆపేస్తూ ఉంటే, కాలని డీజిల్ సిలిండరు గోడల వెంట జారి చాంబర్లో చేరుతుంది. మట్టం పెరుగుతుంది, ఆయిల్ మాత్రం పలచబడి పట్టు కోల్పోతుంది. పైగా గుర్తు బాగా దాటిన ఆయిల్‌ను క్రాంకు చిలికి నురగ తెప్పిస్తుంది. నురగను పంపు సరిగా తోయలేదు, ఒత్తిడి పడిపోతుంది, కొంత బ్రీదరు దారిన ఇన్‌టేక్‌లోకి పోయి కాలుతుంది.

పైకి వచ్చినంత లాగేస్తే సరిపోతుందా అని మాస్టారు అడిగారు. మామూలుగా ఎక్కువ పోసిన ఆయిల్ అయితే కడ్డీ గొట్టం గుండా సన్నటి పైపు దించి, చేతి పంపుతో ఎక్కువైనంత లాగేస్తే చాలు. డీజిల్ కలిసిన ఆయిల్‌ను మాత్రం మొత్తం మార్చాలి. ఆ బండికి మాన్యువల్ అడిగిన, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ వేయించి, వారానికి ఒకసారైనా హైవే మీద ఏలూరు దారిలో ఏకధాటిగా నడపమని చెప్పాను. ఆయన ఇప్పుడు ఆదివారాలు ఆ పని చేస్తున్నారు, కొత్త ఆయిల్ మట్టం నెల తరువాత కూడా గుర్తు దగ్గరే ఉంది.

ఆయన బండిలోంచి తీసిన మడ్డి ఆయిల్‌ను మూత ఉన్న డబ్బాలో పోయించి, పాత ఆయిల్ పోగుచేసి లైసెన్సున్న రీప్రాసెసర్లకు పంపే షెడ్డులో ఇచ్చి వచ్చాం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌కు వర్తిస్తాయి. ఊరి మధ్య నుంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పారుతున్న చోట, మడ్డి ఆయిల్‌ను డ్రైనులో పోయడం అంటే దిగువన ఉన్న పొలాలకు పంపడమే.

జూన్, మీటరు 99,600

ప్యాకింగు మార్చిన తరువాత 98,500 దగ్గర పై గుర్తుకు 5 మి.మీ. కింద ఉంది, ఇప్పుడు 5కూ 6కూ మధ్య ఉంది. వెయ్యి కిలోమీటర్లకు 143 మిల్లీలీటర్ల దాకా పోయిన చోట ఇప్పుడు పోతున్నది ముప్ఫై మిల్లీలీటర్లకు అటూ ఇటూ. మే నెల మండు వేసవిలో, అదే 5డబ్ల్యూ-30తో వచ్చిన అంకె ఇది. అందువల్ల ఎండ కోసం గ్రేడు పెంచే ఆలోచనకు ఈ బండి విషయంలో ఆధారం లేదు. వెనక అంచు పొడిగా ఉంది, ప్లగ్గుల గుంటలు పొడిగా ఉన్నాయి, టోల్ దగ్గర మాడు వాసన రావడం లేదు. కడ్డీ మీద ఆయిల్ ముదురు గోధుమ రంగులోకి వచ్చింది. ఈ కిలోమీటర్లకు ఆ రంగు సహజం, మసిని తనలో పట్టి ఉంచుతున్నదనడానికి గుర్తు. వేళ్ళ మధ్య రాస్తే గరుకు తగలలేదు, ఎండలో పట్టి చూస్తే లోహపు మెరుపు లేదు.

ఈ జోరున 1,02,000 చేరేసరికి మట్టం పై గుర్తుకు 7 లేదా 8 మి.మీ. కిందకు రావాలి, అంటే మార్చే రోజు దాకా మళ్ళీ పోయవలసిన పని పడకూడదు. నెల మొదటి ఆదివారం ఒకసారి, దూర ప్రయాణానికి ముందురోజు ఒకసారి గీతల మీద కొలుస్తాను. మట్టం 9 మి.మీ. దాటి దిగితేనే కప్పు తీస్తాను. డబ్బాలో మిగిలిన అర లీటరును మూత బిగించి, ఎండ తగలని అలమరలో, తెరిచిన తేదీ రాసి పెట్టాను. 1,02,000 దగ్గర ఆయిల్ మార్చినప్పుడు చాంబరు బోల్టు వాషరు కొత్తది వేయించి, మర్నాడు ఉదయం గీతల మీద మట్టం స్వయంగా కొలిచి, ఆ అంకెతో కొత్త ఖాతా మొదలుపెడతాను.